వీల్‌చైర్‌లో బాబు, మోకాళ్ల నొప్పుల అత్తయ్య: అరుదైన జాతుల ఫామ్‌కి వెళ్లాలి, నిజంగా తిరగనిచ్చేది ఏది?

రీడింగ్_రమ్య
మేముండేది ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్లో. బాబుకి తొమ్మిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ. వీల్‌చైర్ తనే తోసుకుంటాడు, కాసేపటికి చేతులు అలిసిపోతాయి. ఇండియా నుంచి అత్తయ్య, మామయ్య వచ్చారు. అత్తయ్యకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, నాలుగడుగులు వేస్తే ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. అందరం కలిసి ఒక రోజు బయటికి వెళ్దాం, ఎక్కడికి కావాలో చెప్పరా అంటే వాడు అడిగింది ఒకటే: నాలుగు కొమ్ముల గొర్రె. స్కూల్లో బొమ్మ చూపించారట.

పోయిన నెల ఒక ఫామ్‌కి తీసుకెళ్లాం. వెబ్‌సైట్‌లో 'పూర్తిగా యాక్సెసిబుల్' అని రాసుంది. గేటు దాకా నున్నటి తారు, గేటు దాటగానే గులకరాళ్లు. దొడ్ల చుట్టూ అడ్డంగా చెక్కలు కొట్టారు, అందులో ఒక చెక్క సరిగ్గా వాడి కళ్లకు అడ్డం. పందిపిల్లల్ని చూసి పిల్లలందరూ కేరింతలు కొడుతుంటే వీడు చెక్కను చూస్తూ కూర్చున్నాడు. ట్రాక్టర్ రైడ్ దగ్గర 'ఎత్తుకుని ఎక్కించండి' అన్నారు. వాళ్ల నాన్న ఎత్తబోతే వాడే వద్దన్నాడు, అంతమంది ముందు. చెల్లి ఎక్కి ఒక రౌండ్ తిరిగొచ్చింది. టికెట్ మాత్రం అందరికీ ఒకటే.

ఆ ఫామ్ పేరు ██████. వెళ్లొచ్చినవాళ్లు ఉంటే మంచి చోటు చెప్పండి. 'మాకు బాగానే ఉంది' అనే జవాబులు వద్దు, చక్రాలతో వెళ్లినవాళ్లు చెప్పాలి.

అడ్మిన్_ఆంజనేయులు
ఫామ్ పేరు తీసేశాను, వేదిక రూల్ తెలిసిందే కదా. ఫిర్యాదు నేరుగా వాళ్లకే రాయండి రమ్య గారూ. థ్రెడ్ తెరిచే ఉంచుతున్నా.

స్లౌ_సుబ్బారావు
కోపం తెచ్చుకోకండి, కానీ ఫామ్ అంటేనే బురద, పేడ, గులకరాళ్లు. షాపింగ్ మాల్ కాదుగా. వందేళ్ల నాటి కొట్టాలకి ర్యాంపులు ఎక్కడ కడతారు పాపం.

చక్రధారి
నేను చెల్టెన్‌హామ్. వెన్నుపూస దెబ్బతిని చాలా ఏళ్లుగా చక్రాల మీదే ఉన్నాను, అందుకే ఈ పేరు. సుబ్బారావు గారూ, బురదతో నాకు పేచీ లేదు. బురద ఉందని ముందే రాయకపోవడంతోనే పేచీ. 'ఇక్కడ గడ్డి, ఇక్కడ వాలు, ఈ దొడ్డి దాకా మాత్రం సిమెంటు దారి' అని ఫోటోలు పెడితే నా టైర్లు నేను మార్చుకుని వస్తా. 'పూర్తిగా యాక్సెసిబుల్' అని రాశారంటే పార్కింగ్‌లో రెండు గళ్లు, వికలాంగుల టాయిలెట్ ఒకటి ఉన్నాయని అర్థం, అంతే. లోపలికి వెళ్లాక ఏం చూడగలం, దేన్ని ముట్టుకోగలం అన్నది ఎవరూ రాయరు.

ఇంకో మాట. ఇక్కడి 2010 ఈక్వాలిటీ యాక్ట్ ప్రకారం సహేతుకమైన మార్పులు చేయడం వాళ్ల బాధ్యత, దానికి మన దగ్గర అదనంగా వసూలు చేయకూడదు. పాత కొట్టం పడగొట్టి కట్టమని ఎవరూ అడగట్లేదు. కంచెలో ఒకచోట చెక్క తీసి జాలీ కొడితే ఎంతవుతుంది?

స్లౌ_సుబ్బారావు
చెక్క సంగతి ఒప్పుకుంటా. గులకరాళ్ల సంగతి ఒప్పుకోను 🙂

బెజవాడ_టు_బర్మింగ్‌హామ్
ట్రాక్టర్ దగ్గర ఆ మాట అన్నందుకు నాకు ఒళ్లు మండుతోంది. ర్యాంపు ఉన్న ట్రైలర్లు ఈ దేశంలో ఎన్ని చోట్ల లేవు!

పద్మ_ఓటీ
ఆక్యుపేషనల్ థెరపిస్టుని, పిల్లలతోనే పని. రమ్య గారూ, ఏ చోటికైనా ముందు ఫోన్ చేయండి. చేసినప్పుడు 'యాక్సెసిబులేనా' అని అడగకండి, అవుననే అంటారు. ఇలా అడగండి: వీల్‌చైర్‌లో కూర్చున్న పిల్లాడు ఏయే జంతువుల్ని కంచె మీద నుంచి కాకుండా కంచెలోంచి చూడగలడు? ట్రైలర్‌కి ర్యాంపుందా, లేక మడత ర్యాంపు తెచ్చి వేస్తారా? చేతులు కడుక్కునే తొట్టి కిందికి మోకాళ్లు పడతాయా? చేంజింగ్ ప్లేసెస్ టాయిలెట్ ఉందా, లేకపోతే దగ్గర్లో ఎక్కడుంది?

చివరిది తెలియనివాళ్లకి చెప్తున్నా. మామూలు డిసేబుల్డ్ టాయిలెట్ వేరు, ఇది వేరు. ఇందులో మనిషిని లేపే హాయిస్ట్, పెద్దవాళ్లు కూడా పడుకోగలిగే బెంచీ, ఇద్దరు సాయం చేసేవాళ్లు తిరిగేంత చోటు ఉంటాయి. పిల్లాడు ఎదిగేకొద్దీ ఇది లేకపోతే మీ షికారు మూడు గంటలకే ముగుస్తుంది. ఎక్కడెక్కడ ఉన్నాయో ఆ పేరుతోనే మ్యాప్ ఉంది. మామూలు డిసేబుల్డ్ టాయిలెట్ల తాళం తీయడానికి 'రాడార్' తాళంచెవి కొనిపెట్టుకోండి, దేశమంతా ఒకటే తాళంచెవి.

అత్తయ్య గారికి రెడ్‌క్రాస్ వాళ్ల దగ్గర కొన్నాళ్లకు వీల్‌చైర్ దొరుకుతుంది, ముందుగా బుక్ చేయాలి. 'నాకెందుకే చక్రాల కుర్చీ' అంటారు. మనవడితో పందెం అని చెప్పండి.

రీడింగ్_రమ్య
పద్మ గారూ, అచ్చం అదే మాటన్నారు అత్తయ్య! పందెం అన్నాక ఒప్పుకున్నారు.

కొత్తమ్మ_కాబోతున్నా
మధ్యలో వస్తున్నా, సారీ. ఆరో నెల. మా ఆయన గొర్రెలు ఈనే సీజన్‌లో ఫామ్‌కి వెళ్దామంటున్నాడు. వెళ్లొచ్చా?

పద్మ_ఓటీ
ఈతల దగ్గరికి మాత్రం వద్దమ్మా. ఈనుతున్న గొర్రెలు, అప్పుడే పుట్టిన పిల్లలు, వాటి మాయ, ఆ బట్టలు, ఆ బూట్లు అన్నిటికీ దూరంగా ఉండమని ఇక్కడి ఆరోగ్య శాఖ ప్రతి ఏడూ చెప్తుంది. గర్భస్రావం చేసే క్రిములు కొన్ని వాటి నుంచి వస్తాయి. మీ ఆయన వెళ్లొస్తే ఆ బట్టలు ఆయన్నే ఉతుక్కోమనండి. మీ మిడ్‌వైఫ్‌ని కూడా ఒక మాట అడగండి.

కొత్తమ్మ_కాబోతున్నా
బట్టల మాట స్క్రీన్‌షాట్ తీసి పంపించా 😄

లీడ్స్_లక్ష్మి
మా వైపు టెంపుల్ న్యూసమ్ అని పెద్ద ఎస్టేట్ ఉంది, లీడ్స్ కౌన్సిల్‌ది. అందులో హోమ్ ఫామ్‌లో అరుదైన జాతుల ఆవులు, గొర్రెలు, పందులు పెంచుతారు. అక్కడి పెద్ద కొట్టం 1694లో కట్టింది. వేనాల్ అని తెల్లావులు కూడా ఉండేవి, దేశం మొత్తం మీద చాలా తక్కువ మిగిలిన జాతి. రీడింగ్ నుంచి దూరం అనుకోండి. లీడ్స్‌లో చుట్టాలుంటే కలిపి పెట్టుకోవచ్చు.

నిద్రలేని_నాన్న
అసలు 'అరుదైన జాతులు' అంటే ఏంటి? పులులు, ఖడ్గమృగాలు అంటే అర్థమవుతుంది. గొర్రెలు అరుదేంటి, కొండల నిండా అవే కదా.

ఒంగోలు_గిత్త
కొండల నిండా ఉన్నవి నాలుగైదు రకాలు బాబూ. ఎక్కువ పాలిచ్చేవి, త్వరగా బరువెక్కేవి వచ్చాక మిగతా రకాల్ని రైతులు వదిలేశారు. 1900 నుంచి 1973 లోపు ఈ దేశంలో 26 స్థానిక జాతులు పూర్తిగా పోయాయి. 1973లో రేర్ బ్రీడ్స్ సర్వైవల్ ట్రస్ట్ పెట్టారు, ఆ తర్వాత ఒక్కటి కూడా పోలేదు. దానికి మొదటి ఛైర్మన్ జో హెన్సన్. అంతకు రెండేళ్ల ముందే, 1971లో, తన దగ్గరున్న అరుదైన జాతుల్ని జనం వచ్చి చూసేలా కాట్స్‌వోల్డ్ ఫామ్ పార్క్ తెరిచాడు. టికెట్ డబ్బులతో వాటిని మేపొచ్చన్నది ఆలోచన. ఇప్పుడు బీబీసీ కంట్రీఫైల్‌లో వచ్చే ఆడమ్ హెన్సన్ ఆయన కొడుకే.

ఇవి పోతే ఏమవుతుందంటారా? ఆర్క్‌నీ దీవుల్లో నార్త్ రొనాల్డ్‌సే గొర్రెలున్నాయి. పొలాల్లోకి రాకుండా 1832లో దీవి చుట్టూ గోడ కట్టి వాటిని సముద్రం వైపుకి నెట్టేశారు. అప్పటి నుంచి ఒడ్డున నాచు తిని బతుకుతున్నాయి. మామూలు గొర్రె అలా బతకలేదు. రేపు ఏ లక్షణం అవసరమొస్తుందో ఎవరికి తెలుసు, అది ఒక్కసారి పోతే మళ్లీ తయారు చేయలేం.

నిద్రలేని_నాన్న
నాచు తినే గొర్రె! మావాడు బ్రకోలీ తినడు.

గోదారి_గట్టు
మన పుంగనూరు ఆవు కూడా ఇదే కథ. మూడడుగులు కూడా లేని ఆవు, పోయిందనుకున్నారు. 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట్లో వాటికి మేత పెడుతున్న ఫోటోలు వచ్చాక అందరికీ కావాలి.

ఒంగోలు_గిత్త
ఒంగోలు జాతి అయితే బ్రెజిల్‌లో కోట్లలో ఉంది. అక్కడ నెల్లూరు పేరుతో 'నెలోర్' అంటారు. ప్రపంచ రికార్డు ధర పలికిన ఆవు కూడా ఆ జాతిదే. పుట్టింట్లో తగ్గిపోయి మెట్టినింట్లో మహారాణి అయింది.

బెజవాడ_టు_బర్మింగ్‌హామ్
అన్నా, థ్రెడ్ ర్యాంపుల గురించి 😀

గోదారి_గట్టు
ఒక్కటి చెప్పి ఆపేస్తా. ఇక్కడి ఫామ్‌లలో 'ఇండియన్ గేమ్' అని కోడి కనిపిస్తే ఆగి చూడండి. కార్న్‌వాల్‌లో మన అసీల్ కోళ్లతో సంకరం చేసి తయారు చేసిన జాతి. కార్నిష్ అని కూడా అంటారు. ఇప్పుడు సూపర్ మార్కెట్‌లో కొనే బ్రాయిలర్‌కి తండ్రి వైపు మూలం ఆ కార్నిషే. అంటే భీమవరం బరి బంధువునే మీరు టిక్కా చేసుకుని తింటున్నారు.

స్లౌ_సుబ్బారావు
కాకా, డేగా? 😂

గోదారి_గట్టు
కుక్కుట శాస్త్రం థ్రెడ్ వేరే తెరుద్దాం, అడ్మిన్ గారు చూస్తున్నారు.

అడ్మిన్_ఆంజనేయులు
చూస్తున్నా.

అన్నపూర్ణ_క్రాయ్‌డన్
మా అబ్బాయికి ఆటిజం, ఇప్పుడు పంతొమ్మిదేళ్లు. వీల్‌చైర్ లేదు కాబట్టి మాది ఎవరికీ కనపడదు. మాకు ర్యాంపు అక్కర్లేదు. మైకులో అనౌన్స్‌మెంట్లు లేని గంట ఒకటి, గొడవైతే వెళ్లి కూర్చోవడానికి ఒక మూల ఉంటే చాలు. ఫోన్ చేసినప్పుడు ఇది కూడా అడగండి. కొన్ని చోట్ల టర్మ్ రోజుల్లో నిశ్శబ్దంగా ఉండే సెషన్లు పెడతారు. పైకి కనపడని వైకల్యానికి గుర్తుగా ఇచ్చే సన్‌ఫ్లవర్ పట్టీ మెడలో వేస్తే స్టాఫ్‌కి వివరించే పని తప్పుతుంది. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి, గాడిద అరుపు ఎప్పుడు మొదలవుతుందో ఎవరికీ తెలియదు.

జంతువుల దగ్గర మాత్రం మావాడు వేరే మనిషి. ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనివ్వడు, ఆవు మెడ కింద చేయి పెట్టి అరగంట నిలబడతాడు. అది కదలదు, వీడూ కదలడు.

చక్రధారి
అన్నపూర్ణ గారూ, మీకు పనికొచ్చే సంగతి. 1998లో మామ్స్‌బరీలో కబేళా నుంచి రెండు టామ్‌వర్త్ పందులు తప్పించుకుని, ఏవన్ నది ఈది పారిపోయాయి, గుర్తుందా? దేశమంతా వాటి వెంటే పడింది. ఆఖరికి వాటిని ఒక పత్రిక కొని కెంట్‌లో వుడ్‌చర్చ్ దగ్గరున్న రేర్ బ్రీడ్స్ సెంటర్‌లో పెట్టింది. ముసలివై పోయేదాకా అక్కడే ఉన్నాయి. ఆ సెంటర్ నడిపింది నేర్చుకోవడంలో ఇబ్బందులున్న పెద్దవాళ్ల కోసం పనిచేసే ట్రస్టు. అక్కడ మేత వేయడం, కొట్టం ఊడ్చడం వాళ్ల పనే. మీ అబ్బాయి లాంటివాళ్లకి షికారు ఒక్కటే కాదు, కేర్ ఫామ్ అని వారానికి ఒకటి రెండు రోజులు పని నేర్పే చోట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. మీ కౌన్సిల్ సోషల్ వర్కర్‌ని అడగండి.

అన్నపూర్ణ_క్రాయ్‌డన్
ఇది నాకు ఎవరూ చెప్పలేదు. రేపే ఫోన్ చేస్తా.

ఓరుగల్లు_ఇల్‌ఫర్డ్
రమ్యక్కా, రీడింగ్ నుంచి కార్ అవసరమే లేదు. లండన్‌లో మడ్‌ష్యూట్ ఫామ్ ఉంది, ఐల్ ఆఫ్ డాగ్స్‌లో. 32 ఎకరాలు, ప్రవేశం ఉచితం. రీడింగ్‌లో ఎలిజబెత్ లైన్ ఎక్కితే నేరుగా కానరీ వార్ఫ్, అక్కడ్నుంచి డీఎల్ఆర్ అనే చిన్న రైల్లో మడ్‌ష్యూట్ స్టేషన్. ఎలిజబెత్ లైన్ స్టేషన్లన్నిట్లో లిఫ్టో ర్యాంపో ఉంది, డీఎల్ఆర్‌లో మెట్లు లేకుండా రైల్లోకే పోవచ్చు. రీడింగ్‌లో ఎక్కేటప్పుడు మాత్రం స్టాఫ్‌ని ర్యాంపు అడగాలె.

ఒకటి మనసులో పెట్టుకోండి, ఆ చోటు మొత్తం గుట్ట. మిల్‌వాల్ డాక్ తవ్వినప్పుడు తీసిన బురద అక్కడ పోశారు, పేరులో 'మడ్' అందుకే. 1970లలో అక్కడ టవర్లు కట్టాలని చూస్తే ఊరోళ్లు అడ్డం పడి ఆపిన్రు. ఇప్పుడు గొర్రెలు మేస్తుంటే వెనక బ్యాంకుల బిల్డింగులు.

స్లౌ_సుబ్బారావు
నా ఆఫీసు కిటికీలోంచి ఆ గొర్రెలే కనిపించేవి. నాకంటే అవే ఖాళీగా ఉండేవి.

రీడింగ్_రమ్య
ఉచితం, రైలు, మెట్లు లేవు. ఇంకేం కావాలి! గుట్ట వాలు ఎంతో అడుగుతా.

చక్రధారి
వాలు ఎక్కేటప్పుడు తోసేవాళ్లు మార్చుకోండి. గడ్డి మీదైతే ముందు చిన్న చక్రాలు దిగబడతాయి. కుర్చీని కొంచెం వెనక్కి వంచి, వెనక్కి తిప్పి లాగితే సుఖం. ముందు చక్రం తగిలించే అటాచ్‌మెంట్ దొరికితే ఇంకా మంచిది, అది చిన్న చక్రాల్ని గాల్లోకి లేపేస్తుంది. ఇంటికొచ్చాక చిన్న చక్రాల ఇరుసు చూడండి. గడ్డిపోచలు దారంలా చుట్టుకుని బిగుసుకుంటాయి, కత్తెరతో తీయాలి. లేకపోతే సోమవారం స్కూల్లో కుర్చీ ఒక పక్కకే పోతుంది.

పద్మ_ఓటీ
దీనికి ఇంకొకటి కలుపుతా, అన్నిటికంటే ముఖ్యం ఇదే. పిల్లాడు చేత్తో తిప్పే రిమ్ములు! చక్రం పెంటికల మీద నుంచి వెళ్తుంది, టైరు మీది మురికి రిమ్ముకి, రిమ్ము నుంచి చేతికి, చేతి నుంచి శాండ్‌విచ్‌కి. నడిచే పిల్లలు ఒకసారి చేయి కడుక్కుంటే సరిపోతుంది. వీళ్లు కడుక్కుని, మళ్లీ అదే రిమ్ము పట్టుకుని టేబుల్ దాకా వస్తారు.

కాబట్టి వరస ఇది: తినబోయే ముందు రిమ్ములు, బ్రేకు పిడులు, చేతుల రెస్టు తడిగుడ్డతో తుడవండి. తర్వాత సబ్బుతో, ధారగా పోయే నీళ్లతో వాడి చేతులు కడగండి. అక్కడి నుంచి టేబుల్ దాకా మీరే తోయండి. చేతులకి రాసే జెల్‌ని నమ్ముకోవద్దు, ఫామ్ క్రిముల్లో కొన్నింటికి అది పనిచేయదు. 2009లో సర్రేలో ఒక ఫామ్‌లో ఈ.కోలై సోకి 93 మందికి జబ్బు చేసింది, చాలామంది పదేళ్లలోపు పిల్లలు, కొందరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. భయపెట్టడానికి కాదు, సబ్బు మర్చిపోకూడదని చెప్తున్నా.

నిద్రలేని_నాన్న
పుష్‌చైర్ చక్రాలకి కూడా ఇదే కదా! మా పాప టైర్లు నాకుతుంది. ఇప్పుడు అసలే నిద్ర పట్టదు.

మిల్టన్‌కీన్స్_మూర్తి
డబ్బు సంగతి ఎవరూ రాయలేదు. టికెట్ ఉన్న చోట్ల చాలా మటుకు సాయం చేసేవాళ్లు ఒకరికి ఉచితం. రుజువు అడుగుతారు, డీఎల్ఏ (వైకల్యం ఉన్న పిల్లలకి ప్రభుత్వం ఇచ్చే భత్యం) లేఖ గానీ యాక్సెస్ కార్డు గానీ పట్టుకెళ్లండి. ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడే ఆ టికెట్ ఎంచుకోవాలి, గేటు దగ్గర అడిగితే లైను ఆగిపోతుంది. పిల్లలకి ప్రత్యేక అవసరాలుంటే మాక్స్ కార్డు కూడా ఉంది, మీ కౌన్సిల్ ఇస్తుందో లేదో చూడండి, చాలా చోట్ల తగ్గింపు వస్తుంది.

తిండి విషయం. మా నాన్న గారు కేఫ్ బోర్డు చూసి భోజనం మానేశారు. పొద్దున ఏ జాతి పంది కడుపు నిమిరారో మధ్యాహ్నం మెనూలో అదే జాతి సాసేజ్, పేరుతో సహా! కాపాడతామని చెప్పి వండిపెట్టడం ఏం న్యాయం?

ఒంగోలు_గిత్త
న్యాయమే మూర్తి గారూ. ఇవి అడవి జంతువులు కావు, రైతు పెంచితేనే ఉంటాయి. కొనేవాడు లేకపోతే రైతు పెంచడు. గ్లోస్టర్‌షైర్ ఓల్డ్ స్పాట్స్ పంది ఇవాళ ఉందంటే దాని మాంసానికి గిరాకీ పెరగబట్టే. పండ్ల తోటల్లో పెరిగే పంది అది, దాని ఒంటి మీది మచ్చలు ఆపిల్ పండ్లు పడి కమిలినవని అక్కడివాళ్ల కథ. ఒంగోలు గిత్తకి కూడా అరక ఉన్నన్నాళ్లే విలువ. ట్రాక్టర్ వచ్చాక ఎవరు మేపారు చెప్పండి, పందేలవాళ్లు తప్ప?

మిల్టన్‌కీన్స్_మూర్తి
తర్కం బాగుంది. మా నాన్నకి మీరే చెప్పండి, నంబర్ ఇస్తా.

అన్నపూర్ణ_క్రాయ్‌డన్
పులిహోర పట్టుకెళ్తే గొడవే లేదు. తినేది పిక్నిక్ టేబుల్ దగ్గరే, దొడ్ల దగ్గర కాదు. టేబుల్‌కి ఒక పక్క బెంచీ లేకుండా ఉందో లేదో కూడా అడగండి, లేకపోతే పిల్లాడు టేబుల్‌కి దూరంగా ఒళ్లో పెట్టుకుని తినాలి.

రీడింగ్_రమ్య
వెళ్లొచ్చాం, మడ్‌ష్యూట్‌కి! అడిగినవాళ్లందరికీ ఒకేసారి రాస్తున్నా.

రైలు సాఫీగా జరిగింది. గుట్ట మీద మామయ్య, మా ఆయన వంతులేసుకుని తోశారు. అత్తయ్యకి తెచ్చిన కుర్చీలో సగం దారి టిఫిన్ సంచులే కూర్చున్నాయి. ఆవిడ కర్ర పట్టుకుని నడిచారు, బెంచీ కనపడ్డప్పుడల్లా కూర్చున్నారు. బెంచీలు ఉండబట్టి సరిపోయింది.

మేకల దగ్గర జరిగింది చెప్పాలి. నిలబడ్డ పిల్లలకి మేక తల నడుము దగ్గరుంటుంది. మావాడు కూర్చుని ఉంటాడు కదా, మేక మొహం, వాడి మొహం ఎదురెదురు. జాలీ అవతల నుంచి అది వాడి కళ్లలోకి చూస్తూ నములుతోంది, దవడ అడ్డంగా ఆడుతోంది. వీడు కూడా దవడ అడ్డంగా ఆడించడం మొదలుపెట్టాడు. 'అమ్మా, దీనికి కంట్లో గీత అడ్డంగా ఉంది' అన్నాడు. నిజమే, నల్లగుడ్డు అడ్డగీతలా ఉంటుంది. నా ఎత్తు నుంచి నేనెప్పుడూ గమనించలేదు. ఇంతలో అది కుర్చీ పక్కన వేలాడుతున్న సంచి పట్టీ లాగి సగం నమిలేసింది. పట్టీలు లోపలికి కట్టుకోండి.

వాడి కుడిచేయి పూర్తిగా తెరుచుకోదు. చేయి చాపి మేత పెట్టమంటే వేళ్లు ముడుచుకుంటాయి, కొరుకుతుందేమోనని నాకు టెన్షన్. అత్తయ్య పులిహోర గరిటె కడిగి తెచ్చారు! అక్కడి మనిషిని అడిగితే నవ్వి, మేం ఇచ్చిన దాణా అయితే సరే అన్నారు. గరిటె కాడ వాడి పిడికిట్లో పెట్టి, అందులో దాణా పోస్తే మొదటిసారి ఎవరి చేయీ పట్టుకోకుండా పెట్టాడు. చెల్లి కూడా గరిటె కావాలని ఏడ్చింది.

అత్తయ్య మాత్రం లామాలను ఒప్పుకోలేదు. 'గొర్రె ఒంటెను చూసి పుట్టినట్టుంది' అన్నారు.

చక్రధారి
చెల్లి గరిటె కోసం ఏడవడం చదివి నవ్వాగలేదు. ఇన్నాళ్లూ చెల్లి దగ్గరున్నది వాడికి లేదు, ఇప్పుడు లెక్క సరి.

పద్మ_ఓటీ
గరిటె! నేను పొడుగు పిడి గరిటెలు కేటలాగ్‌లో చూసి రాయించే దాన్ని. మా టీమ్‌కి ఈ కథ చెప్తా, అత్తయ్య గారి అనుమతి అడగండి. ఆ గరిటెను వేడినీళ్లతో, సబ్బుతో తోమారా?

రీడింగ్_రమ్య
అత్తయ్య దాన్ని ఇంట్లోకి రానిస్తేగా! గరాజ్‌లో ఉంది, ఇక అది మేకల గరిటె అట.

స్లౌ_సుబ్బారావు
నాలుగు కొమ్ముల గొర్రె కనపడిందా మరి?

రీడింగ్_రమ్య
మేం వెళ్లిన రోజు కనపడలేదు. ఇంటికొచ్చే దారంతా అదే ప్రశ్న. ఇప్పుడు కాట్స్‌వోల్డ్ అనుకుంటున్నాం.

ఒంగోలు_గిత్త
నాలుగు కొమ్ములంటే మ్యాంక్స్ లోఖ్‌టన్, జాకబ్, హెబ్రిడియన్ జాతుల్లో చూడండి. అన్నిటికీ నాలుగు ఉండవు, రెండున్నవీ ఉంటాయి. ఆ రోజు ఏ దొడ్లో ఏవున్నాయో ఫోన్లో కనుక్కోండి, మేతకి దూరం మళ్లలోకి తోలేస్తే కనపడవు.

చక్రధారి
కాట్స్‌వోల్డ్ కొండ మీద గాలి గట్టిగా ఉంటుంది, జూన్‌లో కూడా జాకెట్ తీసుకెళ్లండి. కూర్చుని ఉండే పిల్లాడికి నడిచేవాళ్లకంటే తొందరగా చలేస్తుంది, కాళ్ల మీదికి దుప్పటి పెట్టండి. నేను చెల్టెన్‌హామ్‌లోనే కదా, రోజు చెప్తే వచ్చి కలుస్తా. బ్యాంక్ హాలిడే మాత్రం వద్దు, దొడ్ల ముందు మూడు వరసల జనం నిలబడతారు, మనకి నడుములు తప్ప ఏమీ కనపడవు.

రీడింగ్_రమ్య
తప్పకుండా రండి. టర్మ్‌లో ఒక శుక్రవారం ఇన్‌సెట్ డే ఉంది, టీచర్లకి ట్రైనింగ్, పిల్లలకి సెలవు, అదే పెట్టుకుందాం. పొద్దునే వాళ్లకి ఫోన్ చేసి ట్రైలర్ ర్యాంపు, గొర్రెలు రెండూ అడుగుతా.

నిద్రలేని_నాన్న
మేమూ రావచ్చా? పుష్‌చైర్, టైర్లు నాకే పాప ఒకతె. గరిటె మాదే తెచ్చుకుంటాం.

మిల్టన్‌కీన్స్_మూర్తి
నాన్న గారు అడుగుతున్నారు, పులిహోర ఎంతమందికి చేయాలి అని.